పిండిన చెరకు, పిండిన మిల్లు

పిల్లలూ! ఈ నెల మన ప్రయోగం పరీక్షనాళికలో కాదు, వాక్యంలో. సైన్సు మాస్టారికి ఇంగ్లీషు వ్యాకరణంతో పనేమిటని మీరు అనుకోవచ్చు. ఆ పని నాకు ఎలా వచ్చిపడిందో ముందు చెబుతాను.

మా బడిలో ఇంగ్లీషు మీడియం మొదలైన కొత్తలో ఒకరోజు పదో తరగతి పిల్లల చేత ఈస్టు ప్రయోగం చేయించాను. సీసాలో చక్కెర నీళ్ళు పోసి, కాస్త ఈస్టు కలిపి, మూతికి బెలూను తొడగాలి. ఈస్టు అంటే పొడి కాదు, కంటికి కనిపించనంత చిన్న సజీవ కణాల గుంపు. అది చక్కెరను పులియబెట్టి కార్బన్ డై ఆక్సైడు వాయువును వదులుతుంది. ఆ వాయువు నిండి బెలూను మెల్లగా లేచి నిలబడుతుంది. చూడడానికి భలే సరదాగా ఉంటుంది. నేను బోర్డు మీద "బాయిల్డ్ వాటర్" తీసుకొని అందులో చక్కెర, ఈస్టు కలపమని ఇంగ్లీషులో రాశాను.

గంట తరువాత చూస్తే అందరి బెలూన్లూ లేచాయి. ఒక అమ్మాయి సీసా మీద బెలూను మాత్రం వాలిపోయి ఉంది. ఆమె ముఖమూ అలాగే ఉంది.

"నీళ్ళు ఎక్కడివమ్మా?" అన్నాను.

"స్టవ్ మీద మసులుతుంటే తీసి పోసిన సార్. మీరు బోర్డు మీద అదే రాసిండ్రు గదా?"

మిగతా పిల్లలు పొద్దున కాచి బిందెలో పెట్టిన నీళ్ళు వాడారు. ఈమె మసులుతున్న నీళ్ళు పోసింది. 60 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడిలో ఈస్టు కణాలు ఎంతోసేపు బతకవు. మసిలే నీళ్ళ సంగతి చెప్పనే అక్కర్లేదు. పాపం, పులియబెట్టవలసిన కణాలన్నీ పోయాయి. ప్రయోగం చెడింది చేతిలో కాదు, ఒక మాట చివర ఉన్న రెండక్షరాల దగ్గర!

తప్పు ఆమె ఒక్కదానిదేనా? కాదు. నా వాక్యంలోనూ లోపం ఉంది. అదేమిటో ఈ వ్యాసం పూర్తయ్యేసరికి మీరే చెబుతారు.

రెండు మాటలు, రెండు పాత్రలు

ఇంగ్లీషులో ఒక క్రియ నుంచి విశేషణంలాగా పనిచేసే రెండు రూపాలు పుడతాయి. చివర "ఇంగ్" వచ్చేది ఒకటి: బాయిలింగ్, క్రషింగ్, బర్నింగ్. దీనిని ప్రెజెంట్ పార్టిసిపిల్ అంటారు. చివర సాధారణంగా "ఎడ్" వచ్చేది రెండోది: బాయిల్డ్, క్రష్డ్, డిజాల్వ్‌డ్. దీనిని పాస్ట్ పార్టిసిపిల్ అంటారు. కొన్ని క్రియలకు "ఎడ్" రాదు. బ్రోకెన్, గ్రోన్, కట్ అని వాటి రూపాలు వేరుగా ఉంటాయి. వాటిని కంఠస్థం చేయవలసిందే.

ప్రెజెంట్, పాస్ట్ అనే ఈ పేర్లే మనల్ని తప్పుదారి పట్టిస్తాయి. ఒకటి వర్తమానం, ఒకటి భూతకాలం అని మనం అనుకుంటాం. అసలు భేదం కాలంలో కాదు, పాత్రలో ఉంది. నాటకంలో ఒకడు కొట్టేవాడు, ఒకడు దెబ్బ తినేవాడు ఉంటారు గదా! "ఇంగ్" ఉన్న మాట పని చేసే వస్తువుకు అంటుకుంటుంది. "ఎడ్" ఉన్న మాట పని తనమీద జరిగిన వస్తువుకు అంటుకుంటుంది.

క్రషింగ్ మిల్ అంటే పిండే మిల్లు. క్రష్డ్ కేన్ అంటే పిండబడిన చెరకు. తరగతిలో ఎవరైనా లేచి "ఐ యామ్ బోరింగ్" అన్నారనుకోండి. నాకు విసుగ్గా ఉందని చెప్పాలని వాళ్ళ ఉద్దేశం. కాని వాళ్ళు అన్నది "నేను అందరికీ విసుగు పుట్టిస్తాను" అని! విసుగు తమకు కలిగింది కాబట్టి "బోర్డ్" అనాలి. విసుగు పుట్టించింది పాఠం కాబట్టి "బోరింగ్" అనేది పాఠానికి చెందుతుంది. (మాస్టారి ఎదుట మాత్రం అనకండి!)

ఇక్కడ ఒక చిన్న మినహాయింపు. "ఫాలెన్ లీవ్స్" అంటే రాలిన ఆకులు. వాటిని ఎవరూ రాల్చలేదు, అవే రాలాయి. రాలడం, పెరగడం వంటి అకర్మక క్రియల్లో పాస్ట్ పార్టిసిపిల్ "పని ముగిసింది" అనే అర్థాన్నే ఇస్తుంది.

తెలుగులో ఉన్న తిరకాసు

మనకు ఈ తప్పు ఎందుకు వస్తుంది? తెలివి తక్కువై కాదు. మన తెలుగు వేరే దారిలో నడుస్తుంది గనుక.

ఈ రెండు మాటలు చదవండి. "మిల్లు పిండిన చెరకు." "చెరకు పిండిన మిల్లు." రెండింటిలోనూ "పిండిన" ఒక్కటే! మొదటిదాంట్లో చెరకు నలిగింది. రెండోదాంట్లో మిల్లు నలిపింది. అయినా మాట మారలేదు. "పిండిన" అనే ధాతుజ విశేషణం పని అయిపోయిందని చెబుతుంది గాని, ఎవరు చేశారో, ఎవరి మీద జరిగిందో చెప్పదు. అది మనకు పక్కనున్న మాటలను బట్టి తెలిసిపోతుంది.

అంటే తెలుగు విశేషణం కాలాన్ని చూపిస్తుంది: పిండిన, పిండుతున్న, పిండే. ఇంగ్లీషు విశేషణం పాత్రను చూపిస్తుంది: క్రషింగ్, క్రష్డ్. మనం "పిండిన" అనగానే "ఎడ్" తగిలిస్తే, చెరకు పిండిన మిల్లు "క్రష్డ్ మిల్" అయిపోతుంది. అంటే నలిగి నుజ్జయిన మిల్లు! పాపం, ఇనుప రోలర్లను ఎవరు నలిపారు?

చెరకు ప్రయాణం

ఇప్పుడు ఈ సూత్రాన్ని మన జిల్లాలోనే పరీక్షిద్దాం. మంజీరా నది మీద నిజాంసాగర్ ప్రాజెక్టు 1931లో పూర్తయింది. దాని కాలువ నీళ్ళతో బోధన్ చుట్టుపక్కల చెరకు విస్తారంగా పండింది. ఆ చెరకు కోసమే 1937లో బోధన్ దగ్గర శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీని స్థాపించారు. నా చిన్నతనంలో క్రషింగ్ సీజన్ వచ్చిందంటే చెరకు బండ్లు వరసకట్టేవి. సైరను కూతను బట్టి ఇళ్ళలో పొయ్యి వెలిగించేవారు. మడ్డి వాసన ఊరంతా కమ్ముకునేది.

చక్కెర మిల్లులో చెరకు ఎన్ని దశలు దాటుతుందో చూడండి. ముందు తిరిగే కత్తులు చెరకును ముక్కలు చేస్తాయి. కత్తులు తిరుగుతాయి కాబట్టి అవి "రివాల్వింగ్ నైవ్స్". ముక్కలైనది చెరకు కాబట్టి అది "చాప్డ్ కేన్". తరువాత బరువైన రోలర్ల మధ్య నలిగి రసం ఒకవైపు, పిప్పి ఒకవైపు వస్తాయి. పిప్పిని బాయిలర్లలో తగలబెట్టి ఆవిరి పుట్టిస్తారు. మండుతున్న పిప్పి "బర్నింగ్". బూడిదయ్యాక "బర్న్ట్".

రసాన్ని వేడి చేసి, సున్నపు తేట కలిపి, గంధకం మండగా వచ్చిన వాయువును పంపి, మురికిని అడుగుకు దించుతారు. సున్నం కలపడంలో ఒక రహస్యం ఉంది. చెరకు రసం కొద్దిగా ఆమ్లగుణం కలది. ఆమ్లంతో వేడి కలిస్తే చక్కెర విడిపోతుంది. సున్నం ఆ ఆమ్లాన్ని విరుస్తుంది.

శుభ్రమైన రసం ఇప్పుడు వరసగా ఉన్న పెద్ద పాత్రల్లో చిక్కబడుతుంది. మొదటి పాత్రలో రసం మరిగి పుట్టిన ఆవిరినే రెండో పాత్రను కాచడానికి వాడతారు. రెండోదాని ఆవిరి మూడోదాన్ని కాస్తుంది. అందుకు ఒక్కొక్క పాత్రలో ముందుదానికన్నా పీడనం తక్కువగా ఉంచుతారు. పీడనం తగ్గితే మరిగే ఉష్ణోగ్రత కూడా తగ్గుతుందని మీరు చదివారు గదా! ఒకే ఆవిరితో నాలుగు పనులు! అమెరికాలోని లూసియానాకు చెందిన నార్బర్ట్ రిల్లియూ అనే ఇంజనీరు 1843లో ఇటువంటి ఏర్పాటుకు పేటెంటు పొందాడు.

చివరగా వాక్యూమ్ పాన్. ఇందులో గాలిని లాగేస్తారు కాబట్టి పాకం 100 డిగ్రీలకన్నా బాగా తక్కువ వేడిలోనే మరుగుతుంది. అందువల్ల చక్కెర మాడకుండా స్ఫటికాలు కడుతుంది. వేగంగా తిరిగే జల్లెడ బుట్టల్లో మడ్డి బయటికి చిమ్ముకుపోయి, తెల్లని చక్కెర మిగులుతుంది.

రెండింటినీ కలపడం

ఇంతవరకు ఒక్కొక్క వస్తువుకు ఒక్కొక్క మాట తగిలించాం. ఒకే వస్తువుకు రెండు రకాల మాటలూ తగిలించవచ్చునా? "ఎడ్" మాటను, "ఇంగ్" మాటను "అండ్" తో ముడివేయవచ్చునా?

నిక్షేపంగా వేయవచ్చు. వాక్యూమ్ పాన్‌లోని పాకాన్నే తీసుకోండి. దానిని ఆవిరి వేడి చేసింది. వేడి అనే పని పాకం మీద జరిగింది, కాబట్టి "హీటెడ్". ఇక మరగడం పాకం తానే చేస్తున్న పని, కాబట్టి "బాయిలింగ్". రెండూ కలిపితే: "హీటెడ్ బై స్టీమ్ అండ్ బాయిలింగ్ అండర్ వాక్యూమ్, ద సిరప్ థికెన్స్." ఆవిరితో వేడెక్కి, శూన్యంలో మరుగుతూ, పాకం చిక్కబడుతుంది. చూశారా, ఎంత చక్కగా కుదిరిందో!

ఇంకొకటి. తెల్లవారుజామున నరికిన చెరకు మిల్లు గేటు దగ్గర ఎదురుచూస్తోంది. "కట్ ఎట్ డాన్ అండ్ వెయిటింగ్ ఎట్ ద గేట్, ద కేన్ లూజెస్ షుగర్." నరకడం చెరకు మీద జరిగింది. ఎదురుచూడడం చెరకు చేస్తోంది. రెండింటికీ యజమాని చెరకే. అందుకే ముడి నిలిచింది.

ఈ వాక్యంలో వ్యాకరణమే కాదు, రైతు జేబు కూడా ఉంది. నరికిన చెరకులో ఇన్వర్టేజ్ అనే ఎంజైము పని చేస్తూనే ఉంటుంది. అది చక్కెరను నీటితో కలిపి గ్లూకోజు, ఫ్రక్టోజులుగా విడగొడుతుంది. నరికిన చోట సూక్ష్మజీవులు చేరి మరికొంత తింటాయి. విడిపోయిన చక్కెర మామూలు చక్కెరలాగా స్ఫటికాలు కట్టదు, మడ్డిలో కలిసిపోతుంది. పైగా ఎండకు చెరకు బరువు తగ్గుతుంది. అందుకే నరికిన చెరకు 24 గంటల్లోపు మిల్లుకు చేరాలంటారు. "కట్" కూ "వెయిటింగ్" కూ మధ్య గడిచే ప్రతి గంటా నష్టమే అన్నమాట.

ఇప్పుడు అదే ముడిని తప్పుగా వేసి చూద్దాం. "కట్ ఎట్ డాన్ అండ్ వెయిటింగ్ ఎట్ ద గేట్, ద ఫార్మర్ వజ్ టైర్డ్." దీని అర్థమేమిటో తెలుసా? తెల్లవారుజామున రైతును నరికారు! ఇంగ్లీషులో వాక్యం మొదట వచ్చే పార్టిసిపిల్ కామా తరువాత వచ్చే కర్తను పట్టుకుంటుంది. అక్కడ రైతు ఉంటే పాపం రైతునే పట్టుకుంటుంది.

మరి రైతు గురించి ఎలా చెప్పాలి? తెలుగులో "చెరకు నరికి, గేటు దగ్గర ఎదురుచూస్తూ, రైతు అలసిపోయాడు" అంటాం. "నరికి" క్త్వార్థకం, "చూస్తూ" శత్రర్థకం. మీ తెలుగు వాచకంలో చదివినవే. ఇక్కడ నరికినవాడు రైతు, ఆ పని ముందే ముగిసింది. అటువంటప్పుడు "హావింగ్" సాయం తెచ్చుకోవాలి: "హావింగ్ కట్ ద కేన్ అండ్ వెయిటింగ్ ఎట్ ద గేట్, ద ఫార్మర్ వజ్ టైర్డ్." ఇప్పుడు రైతు క్షేమం.

కాబట్టి ముడి వేసేముందు మూడు ప్రశ్నలు వేసుకోండి. ఆ పనిని ఈ వస్తువు చేస్తోందా, దాని మీద జరిగిందా? కలిపిన రెండు మాటలకూ యజమాని ఒకటేనా? ఒక్కొక్క మాటను విడిగా ఆ వస్తువు పక్కన పెట్టి చదివినా నిజమేనా? మూడింటికీ సరైన జవాబు వస్తే ధైర్యంగా కలపండి.

ఒకే క్రియలో రెండూ

ఈ రెండు రూపాలు ఒకే క్రియలో కూడా పక్కపక్కన కూర్చుంటాయి. చెరకు ఈ క్షణంలో నలుగుతోంది, కాని నలిపేది మిల్లు. "ద కేన్ ఈజ్ బీయింగ్ క్రష్డ్" అంటాం. "బీయింగ్" పని జరుగుతూ ఉందని చెబుతుంది. "క్రష్డ్" అది చెరకు మీద జరుగుతోందని చెబుతుంది.

దీనిని తిరగేసినా ఇంకొక క్రియ వస్తుంది. "ద మిల్ హాజ్ బీన్ క్రషింగ్." ఇందులో "బీన్" పాస్ట్ పార్టిసిపిల్, "క్రషింగ్" ప్రెజెంట్ పార్టిసిపిల్. ఎప్పటినుంచో మొదలై ఇప్పటికీ సాగుతున్న పని అన్నమాట. నేను హైస్కూల్లో చదివేటప్పుడు మా ఇంగ్లీషు సారు చెప్పిన ఉదాహరణ ఇదే: మన ఫ్యాక్టరీ నలభై ఏళ్ళకు పైగా చెరకు పిండుతూ ఉంది. "హాజ్ బీన్ క్రషింగ్." ఆయన చెబుతుండగా కిటికీలోంచి సైరను వినిపించింది. మేమంతా నవ్వాం.

ఆ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. అప్పటినుంచి నేను ఆ ఉదాహరణను మార్చి చెబుతున్నాను. "హాజ్" తీసి "హాడ్" పెట్టాను. మూతపడేనాటికి ఎన్నో ఏళ్ళుగా పిండుతూ ఉండేది: "హాడ్ బీన్ క్రషింగ్." మారింది ఒక్క చిన్న మాటే. దాని వెనక ఎన్ని ఇళ్ళ పొయ్యిలున్నాయో బోధన్ పిల్లలకు వేరే చెప్పనక్కర్లేదు.

మీరూ చేసి చూడండి

ఈ కింది వాటిని ఇంగ్లీషులోకి మార్చండి. జవాబులు చూడకుండా ముందు మూడు ప్రశ్నలూ వేసుకోండి సుమా!

1. మరుగుతున్న రసం.
2. నీటిలో కరిగిన ఉప్పు.
3. పొద్దున ఉడికించగా, ఇప్పుడు ఎండలో ఎండుతున్న పసుపు. (పసుపు కొమ్ములను ఉడికిస్తే పచ్చివాసన పోయి, రంగు అంతటా ఒకే తీరుగా వస్తుంది. నిజామాబాద్ మార్కెట్ యార్డుకు వచ్చే పసుపు అంతా ఇలా ఉడికి, ఎండి వచ్చినదే.)
4. పసుపు ఉడికించి, నీడలో సేదతీరుతున్న రైతు.
5. కాచి చల్లార్చిన నీళ్ళు.

జవాబులు: మొదటిది "బాయిలింగ్ జ్యూస్". రెండోది "డిజాల్వ్‌డ్ సాల్ట్". మూడోది "టర్మరిక్ బాయిల్డ్ ఇన్ ద మార్నింగ్ అండ్ డ్రైయింగ్ ఇన్ ద సన్". ఉడికించింది మనిషి, ఎండుతున్నది పసుపు, రెండింటికీ యజమాని పసుపే. నాలుగోదాంట్లో "బాయిల్డ్" అని ఒక్కటే రాస్తే రైతు ఉడికిపోతాడు. అందువల్ల "హావింగ్ బాయిల్డ్ ద టర్మరిక్ అండ్ రెస్టింగ్ ఇన్ ద షేడ్" అనాలి.

ఐదోది "బాయిల్డ్ అండ్ కూల్డ్ వాటర్". ఇప్పుడు నా తప్పు దొరికిందా? "బాయిల్డ్" అనే మాట నీళ్ళు కాచారని మాత్రమే చెబుతుంది. అవి ఇప్పుడు వేడిగా ఉన్నాయో, చల్లారాయో చెప్పదు. చల్లార్చిన సంగతి నేను రాయలేదు. ఆ అమ్మాయి "బాయిల్డ్" ను "బాయిలింగ్" అనుకుంది, నేనేమో "కూల్డ్" ను మింగేశాను. మర్నాడు అదే వాక్యాన్ని సరిచేసి రాశాను. ఆమె సీసా మీద బెలూను అందరికన్నా ముందు లేచింది.

ఆ ఏడాది చివర్లో పార్టిసిపిల్స్ కలిపి ఒక్కొక్క వాక్యం రాయమంటే, ఆ అమ్మాయే ఇలా రాసింది: "క్లోజ్డ్ ఇన్ 2015 అండ్ వెయిటింగ్ ఫర్ ద సైరన్, అవర్ టౌన్ ఈజ్ సైలెంట్."

"కామా తరువాత ఏముందో చూడమ్మా. మూతపడింది ఊరు కాదు, ఫ్యాక్టరీ గదా?" అన్నాను.

ఆమె కాసేపు ఆలోచించింది. "మా నాయిన పని పోయినంక ఊరు గూడ మూతవడ్డట్లే అనిపిస్తది సార్" అంది.

నాకు వెంటనే మాట రాలేదు. తరువాత ఆ వాక్యాన్ని కొట్టివేయకుండా రెండుగా రాయించాను. ఫ్యాక్టరీ 2015లో మూతపడిందని ఒకటి. సైరను కోసం ఎదురుచూస్తూ ఊరు నిశ్శబ్దంగా ఉందని ఇంకొకటి. "ఇప్పుడు ఎవరికి ఏం జరిగిందో, ఎవరు ఏం చేస్తున్నారో చదివినవాళ్ళకు తెలుస్తుంది" అన్నాను. ఆమె ఆ రెండు వాక్యాలనూ మళ్ళీ ఒకసారి చదువుకుని, రికార్డు పుస్తకంలో ఎక్కించుకుంది.